మూడు పదవులు, ఒక్క సంతకం: ఐజాక్ స్టీవెన్స్ జీవితం

అధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. సియాటిల్ ప్రాంతంలో వాన లేని ఆదివారం ఎంత అపురూపమో నాకు తెలుసు. దాన్ని వదులుకొని వచ్చి ఈ గదిలో కూర్చున్నందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు.

మన వైపు ఇంటిస్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూపించమని అడుగుతాం. అమ్మేవాడికి ఆ స్థలం ఎవరి నుంచి వచ్చిందో, వాళ్లకు ఎవరి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూసుకుంటాం. ఇక్కడ బెల్‌వ్యూలోనో రెడ్‌మండ్‌లోనో కొన్న ఇంటికి అలాగే వెనక్కి వెళుతూ పోతే, 1855 జనవరి 22 తేదీ వేసిన ఒక కాగితం దగ్గరికి చేరుకుంటాం. అది ముకిల్టియోలో, సముద్రపు ఒడ్డున, పాయింట్ ఎలియట్ అనే చోట రాసుకున్న ఒడంబడిక. దాని మీద ఒకవైపు సియాటిల్, పాట్‌కనిమ్ మొదలైన మూలవాసి తెగపెద్దల గుర్తులు ఉన్నాయి. రెండోవైపు వాషింగ్టన్ టెరిటరీ మొదటి గవర్నరు ఐజాక్ ఇంగల్స్ స్టీవెన్స్ సంతకం ఉంది. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ సంతకం పెట్టిన మనిషి గురించి.

ముందుగా ఒక చిన్న పొరపాటు సరిదిద్దుతాను. చలికాలంలో మీరు మంచు ఆటలకు వెళ్లే స్టీవెన్స్ పాస్‌కు ఈయనతో సంబంధం లేదు. అది జాన్ స్టీవెన్స్ అనే రైల్వే ఇంజనీరు పేరు. నేను కూడా చాలాకాలం ఈయనదే అనుకున్నాను. ఈయన పేరు మీద ఉన్నవి స్టీవెన్స్ కౌంటీ, లేక్ స్టీవెన్స్ వంటివి.

స్టీవెన్స్ 1818 మార్చి 25న మసాచుసెట్స్‌లోని ఆండోవర్ దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. మనిషి బాగా పొట్టి, తల మాత్రం పెద్దది. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1839లో తన తరగతి మొత్తానికి ప్రథముడిగా నిలిచాడు. ఆ రోజుల్లో ప్రథముడిగా వచ్చినవాణ్ణి ఇంజనీర్ల దళంలోకి తీసుకొనేవారు కాబట్టి, తూర్పు తీరంలో కోటల నిర్మాణంలో కొన్నేళ్లు గడిపాడు. 1847లో జనరల్ స్కాట్ సైన్యంతో మెక్సికో వెళ్లాడు. తరువాత అంతర్యుద్ధంలో సేనానులైన రాబర్ట్ లీ, మెక్లెల్లన్ వంటి వారితో కలిసి పనిచేశాడు. మెక్సికో నగరంలోకి ప్రవేశించేటప్పుడు పాదానికి తగిలిన తూటా గాయం ఆయన్ను చివరిదాకా బాధించింది. తిరిగి వచ్చాక రాజధానిలో తీర సర్వే కార్యాలయం నడిపాడు. 1852 ఎన్నికలలో ఫ్రాంక్లిన్ పియర్స్ తరఫున గట్టిగా ప్రచారం చేశాడు. పియర్స్ గెలిచాడు, స్టీవెన్స్‌కు ఫలితం దక్కింది. ఇంతవరకూ ఇది తెలివీ చురుకూ ఉన్న ఏ సైనికాధికారికైనా ఉండగల జీవితమే. అసలు కథ 1853లో మొదలవుతుంది.

ఆ ఏడాది మార్చి 2న ఓరెగాన్ నుంచి ఉత్తర భాగాన్ని విడదీసి వాషింగ్టన్ టెరిటరీని ఏర్పాటు చేశారు. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం. అక్కడి గవర్నరును ప్రజలు ఎన్నుకోరు, దేశాధ్యక్షుడు నియమిస్తాడు. కాంగ్రెస్‌లో దానికి ఒక ప్రతినిధి ఉంటాడు కాని అతనికి ఓటు ఉండదు. పసిఫిక్ తీరం నుంచి రాకీ పర్వతాల శిఖరాల దాకా పరచుకొన్న ఆ నేలలో అప్పటికి తెల్లవారి జనాభా నాలుగు వేల లోపే. తెగల వారి సంఖ్య దానికి ఎన్నో రెట్లు. ముప్పై అయిదేళ్ల స్టీవెన్స్‌ను దానికి గవర్నరును చేశారు. గవర్నరు హోదాతోనే తెగల వ్యవహారాల సూపరింటెండెంటు పదవి వచ్చింది. అది చాలక, మిసిసిపీ నది నుంచి ప్యుజెట్ సౌండ్ అనే ఇక్కడి సముద్రపాయ దాకా ఉత్తరపు రైలు మార్గానికి సర్వే చేసే బాధ్యతను కూడా ఆయన అడిగి మరీ తీసుకున్నాడు.

ఈ మూడు పదవులూ ఒకే మనిషి చేతిలో ఉండటాన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. రైలు మార్గం సర్వే చేసే ఇంజనీరుకు ఆ దారిలో నేల ఖాళీగా కావాలి. గవర్నరుకు వలస వచ్చినవారి ఇళ్లూ పొలాలూ పెరగాలి. తెగల సూపరింటెండెంటు మాత్రం ఆ నేల మీద ఉన్నవారి తరఫున నిలబడాలి. మన పల్లెల్లో భూమి తగాదా వస్తే కొనేవాడే మధ్యవర్తిగా, కొలిచే అమీనుగా కూడా కూర్చుంటే ఎవరైనా ఒప్పుకుంటారా? స్టీవెన్స్ దుర్మార్గుడని గాని, మహావీరుడని గాని ముందే తేల్చుకొని చదివేవారికి ఈ విషయం సరిగా కనపడదని నా అభిప్రాయం.

సర్వేను ఆయన అద్భుతంగానే చేశాడు. రెండు వందల మందికి పైగా మనుషులతో 1853 జూన్‌లో సెయింట్ పాల్ దగ్గర బయలుదేరి, నవంబరు చివరికి టెరిటరీ రాజధాని ఒలింపియా చేరుకున్నాడు. వెంట చిత్రకారులు, వృక్షశాస్త్రజ్ఞులు ఉన్నారు. కనుమలు, నదులు, గడ్డిభూములు అన్నీ లెక్కకెక్కాయి. పడమటి వైపు నుంచి కాస్కేడ్ కొండలలో కనుమలు వెతకవలసిన మెక్లెల్లన్ మంచుకు భయపడి వెనక్కి తగ్గితే, స్టీవెన్స్ టింక్‌హామ్ అనే మరో ఇంజనీరును పంపాడు. 1854 జనవరిలో అతను మంచులోనే స్నోక్వాల్మీ కనుమ దాటి వచ్చాడు. ఆనాటి యుద్ధశాఖామంత్రి జెఫర్సన్ డేవిస్ దక్షిణపు దారికే మొగ్గు చూపడంతో ఆ పని అప్పటికి మూలపడింది. 1883లో నార్తరన్ పసిఫిక్ రైలు దారి పూర్తయ్యే నాటికి స్టీవెన్స్ పోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఇక ఒడంబడికల సంగతి. 1850లో కాంగ్రెస్ చేసిన భూదాన చట్టం ఓరెగాన్‌కు వచ్చి స్థిరపడిన తెల్లవారిలో ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు ఇచ్చింది. ఆ భూమిని తెగల నుంచి ఇంకా తీసుకోనే లేదు. పంపకం ముందు జరిగింది, సేకరణ తరువాత మొదలైంది. స్టీవెన్స్ వచ్చేసరికి వలసదారులు నిస్క్వాలీ గడ్డిభూములలో కంచెలు వేసేసుకున్నారు. కాబట్టి తొందర ఆయన స్వభావంలోనే ఉన్నా, దాన్ని ఆయన నెత్తిన పెట్టినది మాత్రం ఆ చట్టమే.

1854 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, మెడిసిన్ క్రీక్ అనే వాగు ఒడ్డున నిస్క్వాలీ, ప్యుయాలప్ తదితర తెగలతో మొదటి ఒడంబడిక జరిగింది. వాన, బురద, గుడారాల ముందు నెగళ్లు, వందల మంది జనం. ఒడంబడిక పాఠం ఆ సభకు ముందే తయారై ఉంది. స్టీవెన్స్ ఇంగ్లీషులో చెబుతుంటే బెంజమిన్ షా అనే దుబాసీ దాన్ని చినూక్ జార్గన్‌లోకి మార్చాడు. ఆ జార్గన్ ఒక భాష అనడం కష్టం. బొచ్చు వ్యాపారులూ తెగలవారూ బేరాలాడుకోవడానికి పుట్టిన కొన్ని వందల మాటల బజారు పలుకుబడి అది. దుప్పటి ఎంత, చేప ఎంత, రేపు రా, ఇప్పుడు పో అనడానికి అది సరిపోతుంది. హక్కు, దఖలు, శాశ్వతం, సార్వభౌమాధికారం అనే మాటలను అందులో ఎలా చెప్పాలి? ఆ మాటలను తిరిగి తెగల సొంత భాషలలోకి మార్చుకోవలసిన పని వినేవాళ్లది. తెగల భాష వచ్చిన ఓవెన్ బుష్ అనే యువకుడు అక్కడే ఉన్నాడు. తమ భాషలో చెప్పించడానికి గవర్నరు ఇష్టపడలేదని అతను తరువాతి కాలంలో చెప్పాడు.

అరవై రెండు మంది గుర్తులు వేశారు. మన పాత దస్తావేజుల్లో నిశానీలు చూసినవారికి ఆ కాగితం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పేరు గుమాస్తా రాస్తాడు, పక్కన ఒక ఇంటూ గుర్తు. ఇరవై లక్షల ఎకరాలకు పైబడిన నేలకు ఇరవై ఏళ్ల మీద కొద్దికొద్దిగా చెల్లించేలా 32,500 డాలర్లు నిర్ణయించారు. తెగలకు మిగిల్చినవి మూడు రిజర్వేషన్లు, ఒక్కొక్కటి 1,280 ఎకరాలు. రిజర్వేషన్ అనగానే మనకు సీట్లూ ఉద్యోగాలూ గుర్తుకొస్తాయి. ఇక్కడ ఆ మాటకు, హద్దులు గీసి ఒక తెగకు విడిచిన నేల అని అర్థం. నిస్క్వాలీ వారికి ఇచ్చినది నదికి దూరంగా, గుట్ట మీద, రాళ్లూ చెట్లూ నిండిన భూమి. చేప మీద బతికేవాళ్లకు నది లేదు, గుర్రాలు పెంచేవాళ్లకు గడ్డి లేదు. లెషై అనే నిస్క్వాలీ పెద్ద దీనికి ఎదురు తిరిగాడు. కాగితం మీద అతని పేరు పక్కన గుర్తు ఉంది గాని, అది అతను వేసినది కాదని తెగవారు ఈనాటికీ అంటారు.

ఆ ఒడంబడికలో మూడో అధికరణం ఒకటుంది. తమకు అలవాటైన చోట్లన్నింటా చేపలు పట్టుకునే హక్కు, టెరిటరీ పౌరులందరితో కలిసి, ఆ తెగలకు ఉంటుందని అది చెబుతుంది. చేపల విషయం లేకుండా ఎవరూ గుర్తు వేయరని తెలిసి రాసిన వాక్యం అది. తెగలవాళ్లు తమ తిండి తామే చూసుకుంటే ప్రభుత్వానికి ఖర్చు తప్పుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. వందేళ్ల తరువాత వాషింగ్టన్ రాష్ట్ర అధికారులు నిస్క్వాలీ నదిలో వల వేసిన తెగవారిని వరసగా అరెస్టు చేశారు. బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి పట్టుకున్నారు, ఆ తరువాత ఆయన యాభైకి పైగా సార్లు అరెస్టయ్యాడు. చివరకు 1974 ఫిబ్రవరి 12న ఫెడరల్ న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, ‘పౌరులందరితో కలిసి’ అన్న మాటకు అర్థం సమానంగా పంచుకోవడమేనని, పట్టదగిన చేపల్లో సగం దాకా ఒడంబడిక తెగలదేనని తీర్పు చెప్పాడు. 1979లో సుప్రీంకోర్టు దాన్ని చాలావరకు నిలబెట్టింది. మీరు పైక్ ప్లేస్ మార్కెట్‌లో సాల్మన్ చేప కొంటే, దాని వెనుక ఆ వాన రోజున చదివిన వాక్యం ఉండవచ్చు.

మెడిసిన్ క్రీక్ తరువాత సుమారు ఐదు వారాల్లోనే పాయింట్ ఎలియట్, పాయింట్ నో పాయింట్, నియా బే ఒడంబడికలు ముగిశాయి. 1855 మే నెలాఖరున కొండలకు తూర్పున వాలా వాలా లోయలో పెద్ద సభ మొదలైంది. నెజ్ పర్స్ తెగవారు రంగులు పూసుకొని, గుర్రాల మీద, వేల సంఖ్యలో వరసలు కట్టి వచ్చారు. గవర్నరు వెంట ఉన్న సైనికులు యాభై మందికి మించరు. అక్కడి మాటలు రాతలో నిలిచాయి కాబట్టి తెగపెద్దల తర్కాన్ని మనం నేరుగా చదువుకోవచ్చు. సరుకులనూ నేలనూ సమానంగా ఎలా చూస్తారని, సరుకులు నేల మీద వాడుకొనేవే కదా అని వాలా వాలా పెద్ద పియోపియోమాక్స్‌మాక్స్ అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం వచ్చినట్టు రికార్డులో నాకు కనపడలేదు. జూన్ 9న, 11న గుర్తులు పడ్డాయి. స్టీవెన్స్ అక్కడ నుంచి రాకీ పర్వతాలు దాటి, అక్టోబరులో మిస్సోరి నది ఎగువన బ్లాక్‌ఫీట్ తెగలతో కూడా ఒడంబడిక ముగించాడు. పదమూడేళ్ల కొడుకు హాజర్డ్ ఆ ప్రయాణమంతా తండ్రి వెంటే ఉన్నాడు.

అయితే సెనేటు ఆమోదం లేనిదే ఏ ఒడంబడికా చెల్లదు. వాలా వాలా ఒడంబడికలకు ఆ ఆమోదం 1859 దాకా రాలేదు. స్టీవెన్స్ మాత్రం ఆ నేల వలసదారులకు తెరిచి ఉందని కొద్ది రోజులకే పత్రికల్లో ప్రకటించాడు. సరిగ్గా అప్పుడే కోల్‌విల్ దగ్గర బంగారం బయటపడింది. యాకమా తెగవారి నేల మీదుగా బంగారం వేటగాళ్లు బారులు తీరారు. వారిలో కొందరు హతమయ్యారు. సంగతి విచారించడానికి వెళ్లిన తెగల వ్యవహారాల ఏజెంటు బోలన్‌ను కూడా సెప్టెంబరులో చంపారు. యుద్ధం మొదలైంది. పియోపియోమాక్స్‌మాక్స్ తెల్లజెండాతో చర్చలకు వచ్చి బందీగా చిక్కి, డిసెంబరులో ఓరెగాన్ వాలంటీర్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు.

స్టీవెన్స్ 1856 జనవరిలో మంచు కొండలు దాటి ఒలింపియా చేరాడు. ఎదురుతిరిగిన ప్రతి ఒక్కరూ అంతమయ్యేదాకా యుద్ధం సాగాలని శాసనసభలో చెప్పాడు. తెల్లవారి దురాక్రమణ వల్లనే గొడవ వచ్చిందని నమ్మిన, పసిఫిక్ తీరంలోని అమెరికా సైన్యాధిపతి జనరల్ వూల్‌కు, ఈయనకు పడలేదు. ఆ తగాదా ఉత్తరాలు చదువుతుంటే, శత్రువు మీద కన్నా వీరికి ఒకరి మీద ఒకరికే కోపం ఎక్కువేమో అనిపిస్తుంది.

ఈ యుద్ధంలోనే ఆయన జీవితంలోకెల్లా విచిత్రమైన ఘట్టం జరిగింది. మక్ క్రీక్ దగ్గర హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ బొచ్చు వ్యాపార సంస్థ మాజీ ఉద్యోగులు కొందరు, తెగల స్త్రీలను పెళ్లాడి, సేద్యం చేసుకుంటూ ఉండేవారు. శత్రువుకు తిండి పెడుతున్నారన్న అనుమానం మీద గవర్నరు వారిని నిర్బంధించాడు. వారి వకీళ్లు హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించినవారిని కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు, కోరతారని తెలిసి, ఏప్రిల్ 3న పియర్స్ కౌంటీలో సైనిక శాసనం ప్రకటించాడు. అంటే కోర్టుకు తాళం పడినట్టే. అయినా ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ లాండర్ మే 7న స్టైలాకూమ్‌లో కోర్టు తెరిచాడు. వాలంటీర్లు లోపలికి వచ్చి, న్యాయపీఠం మీదున్న ఆయన్నే అరెస్టు చేశారు. వారి నాయకుడు ఎవరో తెలుసా? మెడిసిన్ క్రీక్‌లో దుబాసీగా నిలబడిన బెంజమిన్ షానే. విడుదలైన లాండర్ కొద్ది రోజులకే ఒలింపియాలో కోర్టు తెరిస్తే, థర్స్‌టన్ కౌంటీకి కూడా సైనిక శాసనం పాకింది. ఈసారి తలుపు గడియ వేసుకొని లోపల కూర్చున్న న్యాయమూర్తిని, తలుపు పగలగొట్టి మరీ పట్టుకెళ్లారు. మే చివరికి సైనిక శాసనం ఎత్తేశాక, లాండర్ కోర్టు ధిక్కారం కింద గవర్నరుకు 50 డాలర్ల జరిమానా వేశాడు. గవర్నరుకు శిక్షను నిలుపుదల చేసే అధికారం ఉంది. స్టీవెన్స్ కలం తీసుకొని, తన శిక్షను తానే నిలుపుదల చేస్తూ ఉత్తర్వు రాసుకున్నాడు. అధ్యక్షుడు పియర్స్ మందలించాడు గాని పదవి నుంచి తీసివేయలేదు.

న్యాయం కోసం ఒక మాట చెప్పాలి. అదే ఏడాది ఆగస్టులో ఫాక్స్ ఐలండ్ దగ్గర సభ పెట్టి, మెడిసిన్ క్రీక్ రిజర్వేషన్లు సరిపోవని స్టీవెన్స్ ఒప్పుకున్నాడు. నిస్క్వాలీ వారికి నదికి రెండు వైపులా సుమారు 4,700 ఎకరాలు ఇప్పించాడు. ఆ పని పద్దెనిమిది నెలల ముందు చేసి ఉంటే లెషై తుపాకి పట్టేవాడు కాదేమో.

లెషై నవంబరులో పట్టుబడ్డాడు. కొద్ది రోజులకే అతని సోదరుడు క్వీమత్ తనంతట తాను లొంగిపోయాడు. అతన్ని ఆ రాత్రికి ఒలింపియాలో గవర్నరు కార్యాలయంలోనే ఉంచారు. తెల్లవారకముందే ఎవరో చొరబడి, కాల్చి, పొడిచి చంపారు. గవర్నరు మేడ మీద నిద్రలో ఉన్నాడు. ఎవరికీ శిక్ష పడలేదు. లెషై మీద మోజెస్ అనే వాలంటీరును చంపాడన్న నేరం మోపారు. మొదటి విచారణలో ఇద్దరు జ్యూరర్లు ఒప్పుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకరు ఎజ్రా మీకర్ అనే వలసరైతు. రెండో విచారణలో మరణశిక్ష పడింది. ఆ సమయానికి లెషై అక్కడ ఉండే అవకాశం లేదని లెఫ్టినెంట్ కౌట్జ్ పటం గీసి చూపించినా ఎవరూ వినలేదు. యుద్ధంలో జరిగిన చావుకు ఉరి ఏమిటని సైన్యం తన కోటలో ఉరికంబం వేయనివ్వలేదు. చివరకు 1858 ఫిబ్రవరి 19న స్టైలాకూమ్ చెరువు దగ్గర బయలులో ఉరి తీశారు. 2004 డిసెంబరులో రాష్ట్ర న్యాయమూర్తులు కూర్చున్న ఒక చారిత్రక విచారణ సభ, లెషై యుద్ధంలో ఉన్న యోధుడని, అతని మీద హత్యా విచారణ జరగవలసింది కాదని తేల్చింది.

ఉరి జరిగేనాటికి స్టీవెన్స్ కాంగ్రెస్‌లో ఉన్నాడు. ఇంత జరిగాక కూడా 1857లో వలసదారులు ఆయన్ను తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు, 1859లో మళ్లీ ఎన్నుకున్నారు. కాని 1860లో డెమొక్రాటిక్ పార్టీ చీలినప్పుడు, బానిసవ్యవస్థ పక్షాన నిలిచిన అధ్యక్ష అభ్యర్థి బ్రెకిన్‌రిడ్జ్‌కు ఆయన ప్రచార సారథి అయ్యాడు. 1861లో అంతర్యుద్ధం రాగానే యూనియన్, అంటే ఉత్తర రాష్ట్రాల తరఫున పోరాడతానని ముందుకొచ్చినా, లింకన్ ప్రభుత్వం ఆయన్ను అనుమానంగానే చూసింది. చివరకు న్యూయార్క్ 79వ రెజిమెంటు ఇచ్చారు. వారు స్కాట్లండ్ మూలాలవారు, హైలాండర్లు. బుల్ రన్ పోరులో తమ కర్నల్‌ను పోగొట్టుకొని, ఇంటికి పంపమని మొండికేసి ఉన్నారు. 1861 ఆగస్టులో వారు తిరుగుబాటు చేస్తే, ఎదురుగా ఫిరంగులు నిలిపి లొంగదీశారు. వారి జెండాలను కూడా లాక్కున్నారు. వాటిని నెల తరువాత గాని తిరిగి ఇవ్వలేదు.

ఏడాది గడిచాక, 1862 సెప్టెంబరు 1 సాయంత్రం, వర్జీనియాలోని షాంటిలీ దగ్గర ఉరుములతో కుంభవృష్టి. అప్పటికి జనరల్ అయిన స్టీవెన్స్ తన దళాలను మొక్కజొన్న చేను మీదుగా నడిపిస్తున్నాడు. 79వ రెజిమెంటు జెండా పట్టినవాళ్లు ఒకరి తరువాత ఒకరు పడిపోయారు. కొద్ది గజాల అవతల కొడుకు హాజర్డ్ గాయపడి పడిపోయాడు. స్టీవెన్స్ అతని దగ్గర ఆగలేదు. జెండాను తన చేతిలోకి తీసుకొని, హైలాండర్లను తన వెంట రమ్మని కేక వేసి ముందుకు నడిచాడు. కణతలో తూటా దిగింది. పడిపోయాక కూడా కర్ర చేతిలోనే ఉంది. వయసు 44. మేజర్ జనరల్ హోదా మరణానంతరం వచ్చింది.

హాజర్డ్ బతికాడు. 1870లో ఈ కిటికీలోంచి కనపడే రైనియర్ కొండ శిఖరం ఎక్కాడు. 1900లో తండ్రి జీవితచరిత్రను రెండు సంపుటాలుగా ప్రచురించాడు. అందులో తండ్రి చేసిన తప్పు ఒక్కటీ కనపడదు. అయిదేళ్లకు, లెషైని ఉరితీయడానికి ఒప్పుకోని ఆ జ్యూరర్ మీకర్ ముసలితనంలో మరో పుస్తకం వేశాడు. అందులో స్టీవెన్స్ చేసిన ఒప్పు వెతకాలంటే కష్టం. ఇద్దరూ ఆయన్ను కళ్లారా చూసినవారే. నేను మొదట కొడుకు పుస్తకం చదివి, తరువాత మీకర్‌ది చదివాను. ఆ రెండూ పక్కన పెట్టుకొని మెడిసిన్ క్రీక్ కాగితాన్ని తిరిగి చదివినప్పుడు పుట్టినదే ఈ ప్రసంగం. ఆ కాగితం పాఠం నకళ్లు వెనుక బల్ల మీద ఉన్నాయి, కావలసినవారు తీసుకోవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.